దీపం చూడు

కదిలింది నేలే అయి ఉండాలి. నేల కాకపోతే మిగిలేది ఒకటే. దాని పేరును క్షౌరం చేసే ప్రోకోలో మనసులోకి రానివ్వడు. తండ్రి చేతికి కూడా ఈ వయసులోనే మొదలైంది. వణికే చేతిలో కత్తి నిలవదు. కత్తి నిలవకపోతే ఈ క్షౌరశాలా నిలవదు.

కుర్చీలో వెనక్కి వాలిన స్నేహితుడు తొమ్మాసో మెడ మీద కత్తి ఆగిపోయింది. గడ్డం నురగలో ఎర్రటి చుక్క ఒకటి తేలింది.

"దీపం చూడు," అన్నాడు తొమ్మాసో.

నేల కదలడం మామూలైన పొజ్జువోలి ఊళ్లో, కదిలిందో లేదో ఎవరూ నేలను అడగరు. తలెత్తి దీపాన్ని చూస్తారు. ప్రోకోలో చూశాడు. వెనకగది తెర పక్కన, గొలుసుకు వేలాడే దీపం మెల్లగా ఊగుతోంది. గుండెల మీంచి బరువు దిగింది.

"చిన్న కుదుపేలే," అన్నాడు, గాటు మీద పటిక అద్దుతూ.

"నీకు చిన్నదే. రేవులో సముద్రం అడుగే పైకి లేచింది. నా పడవ బురదలో కూర్చుంది. కిందనించి నిప్పు ఎగదన్నుతోందిరా."

"నిప్పు కాదు, ఆవిరి. కింద నీళ్లు కాగుతున్నాయి. ఆవిరికి పోయే దారి లేక నేలను మూతలా ఎత్తుతోంది. మూత ఎగిరిపడ్డప్పుడల్లా మనకు కుదుపు."

"పొయ్యిలో నిప్పు లేకుండానే కాగుతున్నాయా నీళ్లు?"

"లోపల ఏముందో పైనున్నవాడికి ఎలా తెలుస్తుందిరా," అన్నాడు ప్రోకోలో. ఆ మాట తిరిగి తనకే తగిలినట్టు, కత్తిని తోలుపట్టీ మీద నూరసాగాడు.

"నేల ఉబ్బేది మీ ఇద్దరి కబుర్లకే," అంది తెర వెనక ఊడుస్తున్న ప్రోకోలో భార్య అస్సుంతా. "ముందు ఆ గడ్డం కానీయ్. కాఫీ చల్లారిపోతోంది."

ప్రోకోలో వేడి తువ్వాలు పిండి తొమ్మాసో కళ్ల మీద కప్పాడు. కత్తిని గొంతు కిందికి తెచ్చాడు.

చెయ్యి వణికింది. ఈసారి గట్టిగా.

ఊపిరి బిగబట్టి విన్నాడు. నేల కదిలితే ముందుగా అరలో అత్తరు సీసాలు గలగలమంటాయి. ఒక్కటీ పలకలేదు.

"దీపం చూడరా, ఎలా ఊగుతోందో," అన్నాడు తొమ్మాసో.

ప్రోకోలో తలెత్తలేదు. తువ్వాలు కప్పి ఉన్న ఆ కళ్లను చూశాడు. తర్వాత ఎదుటి అద్దంలోకి చూశాడు. తెర సందులోంచి చీపురుకర్ర బయటికొచ్చి, దీపాన్ని ఇంకోసారి తోసి, చప్పుడు లేకుండా లోపలికి పోయింది.

వణికేది నేల కాదని తెలిసే వీడు రోజూ వచ్చి గొంతు అప్పగిస్తున్నాడు.

ప్రోకోలో కత్తి మడిచి బల్ల మీద పెట్టాడు. తెర దాకా నడిచి, వణుకుతున్న చేతిని పైకెత్తి, ఊగుతున్న దీపాన్ని పట్టి ఆపాడు.