కదలని సరుకు

"మెల్లగానండీ, వేళ్లు తెగిపోతాయి!" జేసీబీ డ్రైవర్ మీద కేకేసింది వీరవేణి.

మామిడి తల్లిచెట్టు మట్టిగడ్డతో సహా పైకి లేచి, పక్క నర్సరీ అబ్బులుగారి ట్రాక్టర్లో దిగింది.

"అమ్మేసినవాటి మీద బెంగెందుకు మేడమ్?" అన్నాడు హర్ష. నష్టాల్లో పడ్డ తన నర్సరీని గట్టెక్కించడానికి ఆవిడ పెట్టుకున్న కన్సల్టెంట్ అతను. వస్తూనే అంటుకట్టే ఆడవాళ్లను మాన్పించాడు. తర్వాత తోటంతా తిరిగి, ఏళ్ల తరబడి అమ్ముడుపోకుండా నీళ్లు తాగుతున్న సరుకు ఈ చెట్లేనని కనిపెట్టాడు.

"మనం అంట్లు కట్టేది వీటి కొమ్మలతోనే కదండీ" అని ఆవిడ నసిగితే, "అవుట్‌సోర్స్ చేద్దాం" అన్నాడు. ఆ మాట ఎంత ఠీవిగా ఉందంటే, ఆవిడ అమ్మకానికి ఒప్పేసుకుంది.

ఇప్పుడు మాత్రం ఒకటి గుచ్చుతోంది. కరివేపాకు మొక్కకైనా గంటసేపు బేరమాడే అబ్బులుగారు ఈ చెట్లకు అడిగినంతా ఇచ్చేశారు.

"ఏంటండీ, ఈసారి బేరమాడలేదు?" అడిగేసింది.

"మనలో మనకి బేరాలేంటండీ!" తాడు బిగిస్తూ నవ్వారాయన. "వచ్చే ఏడు అంట్లు కావాలంటే మొహమాటపడకుండా మా దగ్గరికి వచ్చేయండి. మీ ఆడాళ్లు కూడా ఇప్పుడు మా తోటలోనే ఉన్నారు కదా, వాళ్లచేతే కట్టించి ఇస్తాను. రేటు సంగతి అప్పుడు చూసుకుందాం."

వీరవేణి ఖాళీ గోతిలోకి చూసింది.

హర్ష మొహం వెలిగిపోయింది.

"చూశారా మేడమ్! ఇంక మనకి ఈ తోటతో కూడా పనిలేదు!"