ఆరో సీసా

డాక్టరమ్మ కాగితాలు తిప్పుతుంటే మా ఆయన కుర్చీ అంచున కూర్చుని ఆమె నోటివంకే చూస్తున్నారు. కొత్త మందు పరీక్షకు తీసుకున్న రోగుల్లో ఆయన ఒకరు. ఇదీ పట్టకపోతే ఇక ఇవ్వడానికి మందు లేదని ముందే చెప్పారు.

"మాత్ర వేసుకున్నాక రోజూ పట్టిచ్చిన మూత్రం చూశామండీ. ఐదు రోజులూ మింగిన మందు మింగినట్టే బయటికి పోయింది," అంది డాక్టరమ్మ.

ఆయన తల వాలిపోయింది.

"ఆగండి. ఆరో సీసాలో మాత్రం మందు జాడే లేదు. అంటే ఒంట్లో నిలిచినట్టుంది. మిమ్మల్ని ఈ పరీక్షలోంచి తీసేద్దామనుకున్నాం గానీ, ఇంకో నెల చూద్దాం."

మూడు నెలలుగా నవ్వని మనిషి పకపకా నవ్వారు. "విన్నావా? ఒంటికి పట్టిందట! ఆ పూట నాకేం పెట్టావే? ఇకమీదట రోజూ అదే పెట్టు."

నేను నేలవంక చూశాను.

"మీ ఆవిడకి మరీ ఇంత సిగ్గా?" అంది డాక్టరమ్మ.

"అయ్యో, ఆ సీసాలు కూడా తువ్వాల్లో చుట్టి, దొంగసొత్తు మోసినట్టు మోసేదండీ!"

నిజమే. ఆరో రోజు ఆసుపత్రి వరండాలో మగవాళ్లు ఎదురైతే గోడవారకు ఒదిగాను. సీసా జారి, మూత ఊడి, అంతా ఒలికిపోయింది. నర్సుకి చెప్పడానికి నోరు పెగల్లేదు. సీసా కడుక్కుని, ఆడవాళ్ల మరుగుదొడ్లోకి వెళ్లి గడియ వేసుకున్నాను. దాన్ని నేనే నింపాను.

ఆయన నా చేయి పట్టుకుని ఊపుతున్నారు.

"చెప్పవేమే? ఆ పూట ఏం పెట్టావు?"