మట్టి గీరిన కప్ప

పెరట్లో నీళ్ల తొట్టి పక్కన ఉండే గోదురుకప్పకి, ఏడాదికొక్కసారి తొలకరికి పూసే ఎర్ర లిల్లీ అంటే ప్రాణం. పువ్వు వాడి, ఆకులు కూడా ఎండిపోయి, మట్టిలో దుంప ఒక్కటే మిగిలేసరికి కప్పకి ఏమీ తోచలేదు. రోజూ పొద్దున్నే మట్టి గీరి, "పిల్లా, ఉన్నావా?" అని అడిగేది.

"ఉన్నాను బావా. మట్టి పూడ్చి వెళ్లు, నాకింకా నిద్ర చాల్లేదు," అనేది దుంప.

పూడ్చేది. మర్నాడు మళ్లీ గీరేది. గీరినప్పుడల్లా ఓ లేత వేరు తెగేది.

తొలకరి పడింది. గోడ అవతల లిల్లీలన్నీ పూశాయి. ఇక్కడ మొలకైనా లేదు. కప్ప గాభరాగా గీరబోయింది.

"బావా, నీ బెంగతో నాకు వేరు నిలవడం లేదు," అంది దుంప, నీరసంగా.

కప్ప కాలు ఆగిపోయింది. ఆ రోజు నుంచి ఆ మట్టి మీదే పడుకుంది. కోడి గీరడానికొస్తే ఒళ్లంతా ఉబ్బించి తరిమింది. తను మాత్రం ఏడాది పొడుగునా ఒక్కసారి కూడా "ఉన్నావా?" అని అడగలేదు.

మళ్లీ తొలకరి పడిన పొద్దున, పొట్ట కింద ఏదో మెత్తగా పొడిచింది.

కప్ప ఊపిరి బిగబట్టి, పక్కకి జరిగింది.