పిల్లలున్న ఇంటికి పనికొచ్చే కుక్క

ఆ తెల్ల బుడ్డకుక్కను అప్పటికి ఎన్ని ఊళ్లలో అంటగట్టాడో దూలయ్యకే గుర్తులేదు. పాల్వంచ కాలనీలో ఎవరో సారు ట్రాన్స్‌ఫరై పోతూ వదిలేసిన టెర్రియర్ అది. పేరు బుల్లెట్. దూలయ్య దాన్ని పైసలకు ఇవ్వడు. కోడికో, నెయ్యి డబ్బాకో, గంపెడు కందులకో మారుస్తాడు. పొద్దు వాలేవేళకు ఊరవతల నిలబడి ఎండుచేపల పొట్లం విప్పి ఈల వేస్తాడు. అంతే! బుల్లెట్ దుమ్ము లేపుకుంటూ వచ్చి బండి ట్యాంకు మీద ఎక్కి కూర్చుంటుంది.

తీసుకున్నవాళ్లు ఎవరూ వెతకరు. అడివి అంచున కుక్క కనబడకపోతే అడిగేదేముంది? 'చిరుత ఎత్తుకపోయింది' అని నిట్టూర్చి ఊరుకుంటారు. ఒకే కుక్కను అన్నిసార్లు తిన్న చిరుత ఈ భూమ్మీద ఇంకోటి ఉండదు.

బుల్లెట్ ఉన్నంతకాలం దూలయ్యకు ఢోకా లేదు. అది లేకపోతే అశ్వారావుపేట పోయి పామాయిల్ గెలలు మోయాల్సిందే. ఆ మాట తలుచుకుంటేనే అతనికి నడుం పట్టేసేది.

ఆ రోజు రామ్‌సింగ్ తండాలోకి బండి తిప్పగానే అతని కళ్లు ఒక ఇంటి దడి మీద పడ్డాయి. దడి పొడుగునా మగవాళ్ల తువ్వాళ్లు ఆరేసి ఉన్నాయి. ఎర్రవి, గళ్లవి, జరీ అంచువి. 'ఇంటినిండా సంపాదించేటోళ్లే! ఇక్కడ కోడితో సరిపెట్టుకుంటే నా అంత వెర్రోడు ఉండడు' అనుకున్నాడు. పైగా వాకిట్లో ఇద్దరు చిన్నపిల్లలు. పిల్లలున్న ఇల్లంటే అతనికి సగం బేరం కుదిరినట్టే.

మంచం మీద సక్రి ముసలమ్మ చింతపండు గింజ తీస్తోంది.

"ఇంట్ల మగోళ్లు మస్తుమంది ఉన్నట్టున్నరు అవ్వా?"

"వస్తుంటరు, పోతుంటరు బిడ్డా. ఏందది? కుక్కనా, ఎలుకనా?"

"టెర్రియర్ అవ్వా! ఫారిన్ జాతి. పిల్లలున్న ఇంటికి దీన్ని మించింది లేదు."

"గంత బుడ్డది దేనికి పనికొస్తది? మా చిన్నోడు తోక బట్టి గుంజుతడు. కరవదా?"

"కరుసుడా! మొన్న ఒకింట్ల పసిపిల్ల దీని గొంతుల చెయ్యిబెట్టి మింగిన బిస్కెట్టు మళ్ల బయటికి తీసింది. కిక్కురుమనలే!"

"పామొస్తే?"

"పామేంది అవ్వా, మొన్న ఎలుగుబంటి దీన్ని జూసి చెట్టెక్కి కూసుంది. దించేతందుకు మేమంత బతిమిలాడినం."

ఈలోగా చిన్నోడు తోక గుంజనే గుంజాడు. వాడి అక్క భాను తన రిబ్బను తీసి కుక్క చెవికి కట్టింది. బుల్లెట్ వెల్లకిలా పడుకుని పొట్ట చూపించింది.

సక్రి ఇంకో గింజ తీసింది. "మరి పాత ఇంటికి ఉరికిపోతే?"

"ఒక్క పూట బువ్వ పెట్టు. ఇగ నా మొఖమే సూడది. పిల్లల్ని ఇడిసి అడుగు కదలది."

ముసలమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. లోపలికి పోయి మేకపిల్లను తెచ్చింది. నల్లది, నుదుట తెల్ల చుక్క. పిల్లలు సీసాతో పాలు పట్టి పెంచుకున్నది. దాన్ని ఇచ్చేస్తే పిల్లలు గుక్కపెట్టి ఏడుస్తారేమోనని దూలయ్య జంకాడు. ఒక్కరూ ఏడవలేదు. భాను దాని చెవిలో ఏదో గుసగుసలాడి ముద్దు పెట్టి పంపింది. కుక్క దొరికిన సంబరం అనుకున్నాడు.

బండి దగ్గర సక్రి మేక మెడలోని తాడు విప్పేసుకుంది. "జీవాన్ని ఇస్తంగానీ తాడు ఇయ్యం బిడ్డా. మా ఇంట్ల పద్ధతి."

అది దూలయ్య ఊళ్లో కూడా ఉన్న పద్ధతే. బావమరిది పెట్టిన కొత్త నీలం తువ్వాల భుజం మీద నుంచి తీసి మేక మెడకు కట్టాడు.

పొద్దు వాలింది. తండా బయట కల్వర్టు పక్కనున్న తంగేడు కొమ్మకు తువ్వాల కొస ముడేసి, పొట్లం విప్పి ఈల వేశాడు. బుల్లెట్ రాలేదు. బుగ్గలు వాచేదాకా ఊదాడు. అడివిలోంచి ఏదో పిట్ట బదులు పలికింది గానీ కుక్క రాలేదు.

'కొంపదీసి నిజంగనే చిరుత...?'

మేకను అక్కడే వదిలి తండాకు ఉరికాడు. దడి సందులోంచి తొంగిచూస్తే, మంచం మీద చిన్నోడు తోక గట్టిగా పట్టుకుని నిద్రపోతున్నాడు. ఆ తోక చివర బుల్లెట్. అది దూలయ్యను చూసింది, ఒకసారి ఆవలించింది, మళ్లీ చిన్నోడి పొట్ట మీద తల పెట్టుకుంది. పుట్టి బుద్ధెరిగాక దూలయ్య చెప్పిన మాట ఒక్కటి నిజమైంది, అదీ ఈ రోజే.

అప్పుడే భాను పాలసీసాను గడప మీద టక్ టక్‌మని కొట్టింది. దూలయ్య కాళ్ల సందునుంచి ఏదో నల్లగా దూసుకుపోయింది. మెడలో నీలం తువ్వాల రెపరెపలాడుతోంది, దాని కొసన విరిగిన తంగేడు కొమ్మ వేలాడుతోంది.

"అవ్వా! అది నా మేక!" లోపలికి దూకాడు.

"నీదా? నీ మేకను చిరుత ఎత్తుకపోయి ఉంటది బిడ్డా."

"పెద్దమనుషుల్ని పిలుస్త!"

"పిలువ్. మా చెల్లె వాళ్ల తండాల గూడ ఒక తెల్లకుక్కను చిరుత ఎత్తుకపోయిందట. ఆళ్లను గూడ పిలుద్దాం."

పామాయిల్ గెలలు దూలయ్య కళ్లముందు కదిలాయి. తల వంచుకుని బండివైపు నడిచాడు.

వెనకనుంచి సక్రి మేక మెడలోని ముడి విప్పి, తువ్వాల దులిపి పిలిచింది. "ఆగు బిడ్డా, నువ్వన్న నీ తువ్వాల తీస్కపో. ఇంతకుముందు మేకను తీస్కపోయినోళ్లందరు కోపంల ఇడిసిపెట్టి పోయిన్రు, దడి మీద ఆరేసేతందుకు జాగ లేదు!"