జోగయ్యకు దొరకని మోత

జీపు కింది నుంచి బయటికి పాకి, చేతులు గుడ్డకు తుడుచుకుంటూ, ఆ కీచుమోత ఎక్కణ్ణుంచి వస్తోందో అంతుపట్టడం లేదన్నాడు జోగయ్య.

షెడ్డులో పని ఆగిపోయింది. బీర్‌గావ్ రోడ్డు మీద లారీ వెళ్తుంటే, తల ఎత్తకుండానే, మోత విని ఏ పక్క కమాను పట్టీ విరిగిందో చెప్పే మనిషి. ఆ పేరు మీదే షెడ్డు నడుస్తోంది.

జీపు మల్లేశ్వరరావుది. సిల్తారా ఫ్యాక్టరీలకు కూలీల్ని పంపే కాంట్రాక్టరు. ఆయనా జోగయ్యా పక్కపక్క ఇళ్లవాళ్లు.

"ఇది మూడోసారి తేవడం. చెవుడొచ్చినాదేటి నీకు? ఖాళీ పేరేనా?" అన్నాడు మల్లేశ్వరరావు.

జోగయ్య చేసిన పనంతా చూపించాడు. ఎడమ వెనక చక్రం మీద పెద్ద పట్టీ చివర చీలితే మార్చాడు. నూనె కారుతున్న షాకబ్జర్లు తీసేసి కొత్తవి వేశాడు. ముందు పిన్నులు అరిగి చక్రం ఊగుతుంటే అవీ మార్చాడు. కుడి వెనక పట్టీల దగ్గర మాత్రం ఎవరినీ చెయ్యి పెట్టనివ్వలేదు. విప్పిందీ తనే, బిగించిందీ తనే.

"బండి పడదు బాబూ. దానికి నాది పూచీ. మోత ఒక్కటే."

"ఆ మోతే పోవాల. సందు తిరిగేసరికి వీధి వీధంతా నా వైపే చూస్తోంది."

తేలిబాంధాలో సర్దార్జీ దగ్గర పడేస్తే గంటలో తీసేస్తాడని, ఇకమీదట తన లారీలు కూడా అక్కడికే పంపుతానని మల్లేశ్వరరావు తాళంచెవి కోసం చెయ్యి చాచాడు.

ఎన్నడూ ఎవరినీ బతిమాలి ఎరగని జోగయ్య, చాచిన ఆ చేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు. కూలి వద్దన్నాడు. ఎన్నిసార్లయినా చూస్తానన్నాడు. బండి మాత్రం ఇంకొకరి చేతికి ఇవ్వొద్దన్నాడు. మల్లేశ్వరరావు తన వేళ్లకంటిన గ్రీజును జోగయ్య చొక్కాకే తుడిచి, సరే, దీపావళి దాకా చూస్తానని జీపెక్కాడు. కీచుమంటూ వెళ్లిపోయింది బండి.

"అన్నా, ఈసారి వస్తే నన్ను దూరనీ. రెండు నిమిషాల్లో పట్టేస్తాను," అన్నాడు వెల్డింగు చేసే వెంకటరత్నం.

"దాని జోలికెళ్తే చెయ్యి విరిచేస్తాను."

ఇన్నేళ్లలో జోగయ్య నోట అలాంటి మాట రాలేదు. వెంకటరత్నం చిన్నబుచ్చుకుని సిలిండరు పక్కన కూర్చున్నాడు. కాసేపటికి జోగయ్యే టీ తెచ్చి అతని చేతిలో పెట్టాడు. అతను అందుకుని తాగాడు. వెనక ఎవరో జోగయ్యకు వయసు మీద పడిందన్నారు.

సాయంత్రం ఇంటికి రాగానే భార్య దాలమ్మ గొంతు తగ్గించి అడిగింది.

"మోత పోనాదేటి?"

"నేదు. ఉంది."

మల్లేశ్వరరావు బండిని సర్దార్జీకి ఇస్తానన్న సంగతి చెప్పాడు. దీపావళి దాకా ఆగుతానన్నాడనీ చెప్పాడు. దాలమ్మ కంచంలో అన్నం పెట్టింది.

"ఆ తర్వాత?"

జోగయ్య అన్నం కలుపుతూ వీధి వైపు చెవి పెట్టాడు.

సందు మలుపులో కీచుమంది.

దాలమ్మ గరిటె వదిలేసి పెరట్లోకి పరుగెత్తింది.

జీపు ఆగి, తాగిన మల్లేశ్వరరావు బెల్టు విప్పుకుంటూ గుమ్మం ఎక్కేలోపు, అతని భార్య ఊర్మిళ పెరటి గోడ మీంచి అందించే కూతుర్ని దాలమ్మ అందుకునే వ్యవధి ఉండాలనే, కుడి వెనక పట్టీల్లో కీచుమనే అరిగిన బుష్ మొదటి రోజే చేతికి దొరికినా జోగయ్య దాన్ని మార్చకుండా మళ్లీ బిగించాడు.