దొంగలు ముట్టని పర్సు

“సంచి వీపుకి తగిలించుకోకే, పొట్ట మీద పెట్టుకో. జిప్పు మీంచి చెయ్యి తియ్యకు. మెట్రోలో తలుపు దగ్గర నిలబడకు. ఎవడైనా మీద పడి సారీ చెప్పాడా, ముందు పర్సు తడుముకో.”

అసుంప్తా ఈ పాఠమంతా చెప్పింది రెమెయ్‌కే. చూపు మాత్రం బాల్దిరి మీదే ఉంది.

ఆదివారం, భోజనానికి ముందు. బల్ల మీద వెర్మూత్ వైను, ఆలివ్ కాయలు, అసుంప్తా ఏనాడూ రెమెయ్ కోసం తెరవని ఆంచోవీ చేపల డబ్బా. బాల్దిరి మెట్రోలో టికెట్లు తనిఖీ చేసి రిటైరయినవాడు, భార్య పోయినవాడు, ఈ వయసులోనూ చొక్కా నలగనివాడు. మెడలో ఈల వేసుకుని రోజూ లిసెవు మెట్రో స్టేషన్లో తిరుగుతాడు. జేబుదొంగ కనిపిస్తే ఈల ఊది జనాన్ని అప్రమత్తం చేస్తాడు. సాయంత్రం ఇంటికి వెళ్లే ముందు స్టేషన్ మెట్ల పక్కనున్న చెత్తడబ్బా మూత ఎత్తి చూస్తాడు. దొంగలు డబ్బు తీసుకుని పర్సులు పడేసేది అందులోనే. గుర్తింపు కార్డు మీద చిరునామా చూసి, స్వయంగా ఇంటికి తీసుకెళ్లి ఇచ్చి వస్తాడు.

అలాగే ఒకనాడు అసుంప్తా గుమ్మం తొక్కాడు. అప్పటినుంచి ప్రతి ఆదివారం తొక్కుతూనే ఉన్నాడు.

ఎదురు వాటాలో ఉండే రెమెయ్‌కి కడుపు మండిపోతోంది. బాల్దిరిని ముందు చూసింది తను. ఆయన టికెట్లు చూసే రోజుల నుంచీ ఎదురుపడినప్పుడల్లా పలకరిస్తున్నది తను. ఆయన తల పంకించి వెళ్లిపోయేవాడు, అంతే. పర్సు పోగొట్టుకున్న తెలివితక్కువదానికేమో ఆదివారాలు!

“కార్డు కూడా చూడక్కర్లేకపోయింది,” అన్నాడు బాల్దిరి. “పర్సు తెరవగానే ఈవిడ ఫొటో.”

“పొండి, అది పాతది,” అంటూ అసుంప్తా లేచి వెళ్లి కొత్త పర్సు తెచ్చింది. ఎర్రతోలుది. “ఆ పాత పర్సు నాకు అచ్చిరాలేదు. ఫొటో ఇందులోకి మార్చేశా.”

ఫొటోలో, సిట్జెస్ ఊరి సముద్రం ముందు, జుట్టు గాలికెగురుతుంటే నవ్వుతున్న అసుంప్తా. సొంత ఫొటోని పర్సులో పెట్టుకు తిరిగే మనిషిని రెమెయ్ ఇంకెక్కడా చూడలేదు.

బాల్దిరి గ్లాసు కింద పెట్టాడు. “అన్నట్టు, వచ్చే ఆదివారం నేను రాలేనండీ. గ్రాసియా పేటలో ఒకావిడకి మొన్న పర్సు తెచ్చిచ్చాను. భోజనానికి రమ్మని ఒకటే పోరు.”

అసుంప్తా మొహం మాడిపోయింది. రెమెయ్ ప్రాణం మాత్రం లేచి వచ్చింది. అంటే పర్సు పోయిన ప్రతి ఇంటికీ ఈయన వస్తాడన్నమాట!

మర్నాడే రెమెయ్, ఎప్పుడో మేనకోడలి పెళ్లిలో నీలం గౌనుతో దిగిన ఫొటో ఒకటి పర్సులో పెట్టుకుని మెట్రో ఎక్కింది. సంచి వీపుకి తగిలించింది. జిప్పు తెరిచింది. పర్సు సగం బయటికి లాగి, సరిగ్గా తలుపు దగ్గరే నిలబడింది.

“అమ్మా, మీ సంచి తెరిచుంది,” అన్నాడొక కుర్రాడు.

“నాకు తెలుసులే,” అని కసిరింది రెమెయ్.

మరో రోజు అసలు దొంగలే తగిలారు. చేతిలో ఊరి పటం పట్టుకున్న అమ్మాయి, చేతి మీద కోటు వేసుకున్న అబ్బాయి. ఊళ్లో వాళ్లని ఎరగనివాళ్లు లేరు. రెమెయ్ వెళ్లి ఇద్దరి మధ్యా దూరి, వాళ్లకి వీపు తిప్పి, ఊపిరి బిగబట్టింది. సంచి కదిలింది. ఒక చెయ్యి లోపలికి వెళ్లింది. రెమెయ్ మనసులో అప్పుడే ఆంచోవీ డబ్బా తెరిచేసింది.

జిప్పు మూసిన చప్పుడైంది.

“ఇంటికెళ్లు బామ్మా,” అంది పటం అమ్మాయి. “ఇక్కడంతా దొంగలు.”

రెమెయ్‌కి ఏడుపొక్కటే తక్కువ. తడుముకుంటే పర్సు సంచిలో భద్రంగా ఉంది. దోచుకోవడానికి అసుంప్తా తగుతుంది గాని తను తగదా? దానిలో ఏముంది, తనలో ఏం లేదు? ఆ రాత్రి అద్దం ముందు నిలబడి ‘బామ్మా’ అన్న మాటనే పదేపదే తలుచుకుంది.

శనివారం సాయంత్రానికి తెగించింది. దొంగలు చెయ్యని పని తనే చెయ్యాలి. డబ్బు తీసి డ్రాయరులో పెట్టింది. కార్డూ ఫొటో ఉన్న పర్సుని కోటు లోపల దాచుకుని మెట్లు దిగుతుంటే అసుంప్తా ఎదురొచ్చింది. పెదాలకి రంగు, నుదుటి మీద చెమట.

“ఎక్కడికే ఈ వేళప్పుడు?” అంది అసుంప్తా.

“గాలి కోసం. నువ్వెక్కడినుంచి?”

“రొట్టె కోసం వెళ్లా. అయిపోయిందట.”

“పర్సు భద్రమేనా?” ఎత్తిపొడవకుండా ఉండలేకపోయింది రెమెయ్.

“ఇదిగో, గుండెల మీదే ఉంది.” అసుంప్తా కోటు మీద తట్టి చూపించింది. “దీన్ని కొట్టేసేవాడు ఇంకా పుట్టలేదులే!” అని గబగబా మెట్లెక్కి వెళ్లిపోయింది.

మురిసిపో, ఈ ఒక్క రాత్రీ మురిసిపో, అనుకుంది రెమెయ్. ఇకమీదట ఆయన తొక్కే గుమ్మం నాది.

స్టేషన్ మెట్ల దగ్గర జనం పలచబడ్డారు. కింద ప్లాట్‌ఫారం మీద బాల్దిరి ఈల వినిపించింది. ఇంకాసేపట్లో పైకి వస్తాడు. రెమెయ్ అటూ ఇటూ చూసి, కోటులోంచి పర్సు తీసి, చెత్తడబ్బా మూత ఎత్తింది.

లోపల, నోరు తెరుచుకున్న ఎర్రతోలు పర్సులోంచి అసుంప్తా నవ్వుతోంది.