రెండో లైను

పడకగదిలో కొత్త ఫోను గణగణా మోగింది. దర్జీకి ప్రాణం లేచొచ్చింది.

"కొట్టు ఫోనుకొచ్చే పాత కేబుల్లో ఇంకో జత తీగలు ఖాళీగా ఉన్నాయి. వాటికే కలిపేశాను," అన్నాడు ఫోన్లు బిగించే పెద్దాయన, సంచీ సర్దుకుంటూ. "ఇంతకీ రెండో లైనెందుకు బాబూ?"

"ముందుగదిలో కొట్టు ఫోను ఎప్పుడూ కొలతల గొడవతోనే సరిపోతుంది. ఇది ఆస్పత్రి వాళ్ళకి. మా ఆవిడకి లివర్ మార్చాలి. దొరకగానే ఫోన్ చేస్తారు. పావుగంటలో అందకపోతే లిస్టులో తర్వాతి వాళ్ళకి వెళ్ళిపోతుంది."

"పెద్దాస్పత్రేనా?"

"అదే."

"లిస్టులో మీదెన్నో నంబరు?"

"మొదటిదే."

పెద్దాయన సంచీ పట్టుకుని గుమ్మం దాకా వెళ్ళి వెనక్కొచ్చాడు. తర్వాత దాన్ని కింద పెట్టి, కలిపిన తీగలు ఊడదీయడం మొదలుపెట్టాడు.

దర్జీకి ఒళ్ళు మండింది. "మోగుతోందిగా! మళ్ళీ ఈ పీకుడేంటండీ?"

"రెండు లైన్లూ ఒకే కేబుల్లో ఉంటే ఒక్క మేకు చాలు బాబూ, రెండూ పోతాయి."

గేటు దగ్గరి పెట్టె నుంచి కొత్త కేబుల్ లాగి, వెనక గోడ మీదుగా తిప్పి పడకగదిలోకి తెచ్చేసరికి పొద్దు వాలింది.

"ఉత్త చాదస్తం," అని గొణుక్కుంటూ దర్జీ తలుపేసుకున్నాడు. మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు.

మూడు వారాల తర్వాత, కుట్టిన బట్టలు తగిలించడానికి కొట్టు గోడకి ఇంత పొడుగు మేకు కొట్టాడు. సూదిలో దారం గురి తప్పకుండా ఎక్కించే మనిషికి గోడలో కేబుల్ ఎక్కడుందో గుర్తు లేదు. కొట్టు ఫోను మూగబోయింది.

చేతిలో సుత్తి ఉండగానే పడకగదిలో ఫోను మోగింది. ఆస్పత్రి నుంచి!

ఆపరేషనైన ఆరు నెలలకి పరీక్షల కోసం ఆస్పత్రికి వెళ్ళినప్పుడు భార్య మెట్లన్నీ తనే ఎక్కింది. దర్జీ సంబరం పట్టలేక నర్సుకి మేకు కథంతా చెప్పాడు.

"అమ్మో, మీరు ఎత్తకపోతే ఆవేళే రెండో నంబరు వాళ్ళకి చేసేదాన్ని," అంది నర్సు. "పాపం, ఆవిడకి ఇంకో ఐదు నెలలు పట్టింది. చాలా కష్టం మీద నెట్టుకొచ్చింది. ఎలాగైతేనేం, ఆవిడకీ దొరికిందిలెండి. అదిగో, ఇవాళే ఇంటికెళ్తోంది."

"హమ్మయ్య!" అంటూ దర్జీ అటు తిరిగాడు.

చక్రాల కుర్చీలో ఒకావిడ నవ్వుతూ కూర్చుని ఉంది. ఆ కుర్చీని జాగ్రత్తగా తోసుకెళ్తున్నది, ఆ ఫోన్ల పెద్దాయనే.